ఓడినవాని సమ్మతి

(డాక్టర్ పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాసము)



డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పేర జరుగు సభలో ప్రసంగింపుమని నన్ను కోరినప్పుడు, ఆయన జీవితమునందలి ఏ ఘట్టమును మీ ముందుంచుదునా యని కొన్నినాళ్లు ఆలోచించితిని. 1880లో గుండుగొలనులో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, బందరులో వైద్యుడై, ఆ వృత్తిని విడిచి దేశసేవకు దిగి, 1923లో అదే బందరులో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పి, జాతీయ కాంగ్రెసు చరిత్రను రచించి, అహమ్మదునగరు కోటలో నిర్బంధము ననుభవించిన ఆ మహనీయుని గూర్చి చెప్పుటకు విజయములు చాలగలవు. వానినన్నింటిని ప్రక్కకు పెట్టి నేనొక పరాజయమును ఎంచుకొంటిని. 1939 జనవరి 29వ తేదీన కాంగ్రెసు అధ్యక్షపదవికై జరిగిన ఎన్నికలో ఆయన సుభాస్ చంద్ర బోసుతో పోటీపడి, రెండువందల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయెను. ఆ పరాజయము వెనుకను ముందును జరిగిన వాదప్రతివాదములే నేటి నా ప్రసంగమునకు మూలము. అయితే ఆ మూలమును చేరుటకు నేను మిమ్ములను చాల దూరము త్రిప్పి తీసికొనిపోవలసియున్నది.

ఎదిరిపక్షముతో పోరాడుట తేలిక. ఆ పోరులో మనవాడెవడో పరాయివాడెవడో ముందే తెలిసియుండును. ఒకే జెండా క్రింద నిలిచి, ఒకే ఆశయమును చెప్పుకొని, నిన్నటిదాక ఒకే పంక్తిని భుజించినవారు తమలో నాయకుడెవడను ప్రశ్నవద్ద రెండుగా చీలినప్పుడు మాత్రము ఆ పోరు మరింత తీవ్రమగును. ఏలయన, అచ్చట ప్రతి విమర్శయు ద్రోహమువలె వినవచ్చును, ప్రతి నియమమును కుట్రవలె కనవచ్చును. అట్టి అంతఃకలహమును చట్టబద్ధము చేసి, దేశమంతయు చూచుచుండగా నెలల తరబడి నడుపుకొనుటకు సాహసించిన దేశము అమెరికా. మన యిండ్లలోని పిల్లలు అనేకులు నేడు ఆ దేశపు పౌరులై ఆ ఎన్నికలలో ఓటు వేయుచున్నారు గనుక, ఇది మనకు పరాయి కథ కాదు.

ఈ సాయంకాలము నేను చెప్పదలచినది ఒక్కటే: నాయకుని ఎన్నుకొను పద్ధతి న్యాయమైనదా కాదా యని తేల్చు అధికారము ఓడినవానిది. గెలిచినవానికి ఏ పద్ధతియైనను న్యాయముగనే తోచును. ఓడినవాడు తన అనుచరులవైపు తిరిగి, నేను ఓడితిని, ఇక ఈతనితో కలిసి నడువుడని మనఃపూర్వకముగ చెప్పగలిగెనా, ఆ పద్ధతి నిలిచినట్లు. చెప్పలేకపోయెనా, ఎన్ని ఓట్లు లెక్కించినను అది కూలినట్లే.

ఆ దేశపు పద్ధతిని కొద్దిమాటలలో విన్నవింతును. అధ్యక్షపదవికి పోటీచేయువాడు ముందుగ తన పార్టీ అభ్యర్థిత్వమును గెలుచుకొనవలెను. అందులకై రాష్ట్రము తరువాత రాష్ట్రముగ, ఎన్నికల సంవత్సరము ఆదినుండి వేసవివరకు, పార్టీలోపలి ఎన్నికలు జరుగును. పోలింగు కేంద్రమునకు పోయి రహస్యముగ ఓటు వేయునట్టిది ప్రైమరీ. ఇరుగుపొరుగువారందరు ఒకచోట కూడి, చర్చించుకొని తేల్చుకొనునట్టిది కాకస్. ఈ రెంటివలన అభ్యర్థులకు లభించునవి డెలిగేట్లు, అనగా మహాసభకు పోవు ప్రతినిధులు. ఆ మహాసభలో సగముకంటె ఎక్కువమంది ప్రతినిధుల బలము గలవాడే పార్టీ అభ్యర్థి.

2008 జనవరి మొదటివారమున నేను అయోవా రాష్ట్రములోని డెమోయిన్ నగరమున మా అమ్మాయి యింట నుంటిని. ఆ నెల 3వ తేదీ సాయంకాలము డెమోక్రటిక్ పార్టీ కాకస్‌కు ఆమె పోవుచు, చూచువారిని కూడ రానిత్తురని చెప్పి నన్ను వెంటబెట్టుకొనిపోయెను. వీధులలో మోకాలిలోతు మంచు. మాట పలికిన ఆవిరి గడ్డకట్టునంత చలి. పాఠశాల వ్యాయామశాలలో, బాస్కెట్‌బాల్ వలల క్రింద, కోటులు చేతబట్టుకొని జనము నిండియుండిరి. రాత్రి ఏడుగంటలకు తలుపులు మూసి, ఒక్కొక్క అభ్యర్థి పక్షము వారిని ఒక్కొక్క మూలకు పోయి నిలువుమనిరి. చీటీ లేదు, డబ్బా లేదు. ఎవడు ఎవరివాడో అందరి కన్నుల యెదుట నిలబడి చెప్పవలసినదే. తలలు లెక్కించిరి. నూటికి పదునైదుగురైనను లేని గుంపు చెల్లదు. ఆ గుంపులోనివారు మరియొక మూలకు పోవచ్చును, లేదా ఇంటికి పోవచ్చును.

అట్లు చెల్లకుండ పోయిన గుంపులలో సెనేటరు జో బైడెన్ పక్షమొకటి. అందొక వృద్ధుడు, ఎండకు కాగిన ముఖమును కాయలు కాచిన చేతులును గల పూర్వపు రైతు, గోడ నానుకొని నిలిచియుండెను. లెక్క తేలిన మరుక్షణమే ఒబామా మూలనుండి ఒక యువతియు, క్లింటన్ మూలనుండి ఒక ఉపాధ్యాయినియు, ఎడ్వర్డ్స్ మూలనుండి అతని పొరుగింటివాడును ఆయన యొద్దకు వచ్చిరి. ఆ యువతి ముందుగ ఒక కుర్చీ తెచ్చి వేసి, ఆయన కూర్చుండిన పిమ్మట మాట మొదలుపెట్టెను. ఇరాకు యుద్ధమును గూర్చి మీ అభ్యర్థి ఏమనుచున్నాడని ఆయన ముగ్గురిని వరుసగ అడిగి, ముగ్గురి సమాధానములను తల వంచుకొని వినెను. అటుపిమ్మట లేచి ఒక మూలవైపు నడిచెను. మిగిలిన యిద్దరును ఆయన చేయి పట్టి ఊపి తమ గుంపులలోనికి మరలిపోయిరి. తిరిగి వచ్చునప్పుడు కారులో మా అమ్మాయి, "రేపు పొద్దున్న వీళ్లంతా ఇదే వీధిలో ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకోవాలి కదా నాన్నా, అందుకే అంత మర్యాద" అనెను. నేను చదివిన రాజనీతి గ్రంథములు చెప్పలేని సంగతి ఆ మాటలో నాకు దొరకెను. ఓడినవాని చుట్టును గెలువగోరువారు చేరి, వాని సందేహములకు సమాధానము చెప్పుకొను దృశ్యమును అంతకుముందు నేనెన్నడు చూచియుండలేదు.

ఆ కాకస్ పద్ధతిని నిందించువారు ఆ పార్టీలోనే ఉండిరి. వారి వాదమునందు బలము లేకపోలేదు. రాత్రిపూట పనికి పోవు కార్మికుడు, చంటిబిడ్డ తల్లి, మంచులో నడువలేని ముదుసలి ఆ గదికి రాలేరు. యజమాని చూచుచుండగా తన మనసులోని పేరును బయటపెట్టుటకు జంకువాడు వచ్చియు రానివాడే. కావున రహస్యపు ఓటుగల ప్రైమరీయే మేలని వారనుచుండిరి. అయోవావలె చిన్నదియు, అధికసంఖ్యాకులు శ్వేతజాతీయులే యైనదియునగు రాష్ట్రము మొట్టమొదట తీర్పు చెప్పుట తగదని మరికొందరనుచుండిరి. ఎవరు ఎన్నుకొనవలె, ఏ వరుసలో ఎన్నుకొనవలె, ఎట్లు లెక్కింపవలె నను ఈ మూడు ప్రశ్నలే నూరేండ్లకు పైగా ఆ దేశపు పార్టీలను చీల్చుచు, కూర్చుచు వచ్చినవి.

మొదట ఈ అధికారము పెద్దలదే. నగరములను గుప్పిట పెట్టుకొన్న నాయకులు మహాసభలలో మంతనములు సలిపి అభ్యర్థిని తేల్చుచుండిరి. ఆ మంతనములు ఎంత దూరము పోగలవో 1924లో న్యూయార్కునగరమున కూడిన డెమోక్రటిక్ మహాసభ చూపినది: 103 మారులు ఓట్లు లెక్కించిన తరువాతగాని జాన్ డేవిస్ పేరు తేలలేదు, అట్లు అలసి సొలసి తేల్చిన అభ్యర్థి నవంబరులో ఘోరముగ ఓడెను. ఈ పెద్దల పెత్తనమును తొలగించి సామాన్య ఓటరునకు అధికారమీయవలెనని విస్కాన్సిన్ నాయకుడు రాబర్ట్ లా ఫాలెట్ మొదలగు సంస్కర్తలు ఇరువదవ శతాబ్ది ఆరంభమునుండి పట్టుబట్టగా ప్రైమరీలు పుట్టినవి.

పుట్టిన కొలదికాలమునకే అవి రిపబ్లికన్ పార్టీని రెండుగా చీల్చినవి. 1912లో పదవిలోనున్న అధ్యక్షుడు విలియం టాఫ్ట్‌పై ఆయన పూర్వమిత్రుడును, మాజీ అధ్యక్షుడునగు థియోడర్ రూజ్‌వెల్ట్ పోటీకి దిగి, ప్రైమరీలు జరిగిన రాష్ట్రములలో అధికభాగమును, తుదకు టాఫ్ట్ స్వరాష్ట్రమైన ఒహాయోను సైతము గెలుచుకొనెను. కాని అప్పటికి ప్రైమరీలు జరిగిన రాష్ట్రములు కొన్నియే. షికాగో మహాసభకు ముందు 254 ప్రతినిధి స్థానములపై తగవు రాగా, టాఫ్ట్ పక్షీయుల చేతిలోనున్న పార్టీ జాతీయసంఘము వానిలో 235 టాఫ్ట్‌కును, 19 రూజ్‌వెల్ట్‌కును ఇచ్చెను. ఆ స్థానములలో కొన్నింటిపై రూజ్‌వెల్ట్ పక్షము వాదము బలహీనమే కావచ్చును. కాని తగవును తీర్చువాడు తగవులోని వాడే యైనప్పుడు, న్యాయమైన తీర్పును సైతము ఎవరు నమ్ముదురు? రూజ్‌వెల్ట్ అనుచరులు దొంగతనము, దొంగతనమని కేకలు వేసి బయటకు నడిచిరి. ఆగస్టులో వేరు పార్టీ పెట్టిరి. నవంబరులో డెమోక్రటు ఉడ్రో విల్సన్‌కు 435 ఎలక్టొరల్ ఓట్లు, రూజ్‌వెల్ట్‌కు 88, అధ్యక్షస్థానములో నున్న టాఫ్ట్‌కు ఎనిమిది వచ్చినవి. ఓడినవాడు కోర్టులో ఏడ్చిన గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనని మనవారు వ్యాజ్యమును గూర్చి చెప్పు సామెతకు ఇంతకంటె తగిన ఉదాహరణము నే నెరుగను.

అంతకంటెను గుండె కలచునది 1968. వియత్నాం యుద్ధమునకు వ్యతిరేకముగ సెనేటరు యూజీన్ మెకార్తీ ఆ మార్చి 12న న్యూ హ్యాంప్‌షైర్ ప్రైమరీలో నిలువగా, చలిలో ఇంటింటికి తిరిగిన విద్యార్థుల శ్రమవలన ఆయనకు నూటికి 42 ఓట్లు వచ్చినవి. అధ్యక్షుడు జాన్సన్‌కు 49. నాలుగు దినములకు రాబర్ట్ కెనెడీ పోటీలోనికి వచ్చెను. నెల తిరుగకముందే జాన్సన్ తాను తప్పుకొనెదనని ప్రకటించెను. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురియయ్యెను. జూన్ 4న కాలిఫోర్నియా ప్రైమరీ గెలిచిన కెనెడీని ఆ అర్ధరాత్రి దాటిన వెంటనే కాల్చిరి. 6వ తేదీన ఆయన మరణించెను. యుద్ధమునకు వ్యతిరేకముగ ఓటు వేసిన లక్షలాది ప్రజల యాశ యిట్లు నేలకూలియుండగా, ఆగస్టులో షికాగో మహాసభ ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీని అభ్యర్థిగ నెన్నుకొనెను. హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనైనను నిలువలేదు. ఆనాటి నియమముల ప్రకార మందు దోషము లేదు. అధికసంఖ్యాక ప్రతినిధులను రాష్ట్రపు పార్టీ నాయకులే నియమించుచుండిరి గదా. అయినను మహాసభలో ఆయనకు 1,700కు పైగా ఓట్లు వచ్చిన ఆ రాత్రియే నగరములోని మిచిగన్ వీధిలో పోలీసులు యువకులను లాఠీలతో మోదిరి. ఆ దృశ్యమును దేశమంతయు టెలివిజనులో చూచెను.

నేను హంఫ్రీని నిందింపను. పౌరహక్కులకై 1948నుండి పోరాడిన సజ్జనుడాయన. కాని ఆయనకు దక్కిన అభ్యర్థిత్వము ఓడినవారి సమ్మతి లేని అభ్యర్థిత్వము. మెకార్తీ అక్టోబరు చివరివరకు ఆయనను బలపరచలేదు. బలపరచినప్పుడును ఆ మాటలో వెచ్చదనము లేదు. నవంబరులో దేశవ్యాప్తముగ నూటికి ఒక ఓటు కూడ లేని తేడాతో రిపబ్లికన్ నిక్సన్ గెలిచెను. ఆ తేడాలో షికాగో వీధుల రక్తపు మరక యెంతో ఎవరు కొలువగలరు?

ఆ గాయమునకు మందుగ డెమోక్రటిక్ పార్టీ 1969లో ఒక సంస్కరణసంఘమును నియమించెను. మొదట సెనేటరు జార్జ్ మెక్‌గవర్న్, తరువాత డోనల్డ్ ఫ్రేజర్ దానికి అధ్యక్షులైరి. ప్రతినిధుల ఎన్నిక బహిరంగముగ, ఎన్నికల సంవత్సరములోనే జరుగవలెననియు, స్త్రీలకు, యువకులకు, అల్పసంఖ్యాకులకు తగిన స్థానముండవలెననియు ఆ సంఘము విధించెను. అప్పటినుండియే ప్రైమరీలు వేగముగ పెరిగి నేటి రూపును దాల్చినవి. 1968 మహాసభకు ఆతిథ్యమిచ్చిన షికాగో మేయరు రిచర్డ్ డేలీ 1972లో తన ప్రతినిధులతో మయామీ బీచ్ మహాసభకు రాబోగా, ఈ క్రొత్త నియమములను పాటింపలేదని ఆయన బృందమునకే స్థానము లేకపోయెను.

అయితే నియమములను వ్రాసినవానిని కూడ పోటీ పరీక్షించును. ఆ సంవత్సరమే అభ్యర్థియైన మెక్‌గవర్న్ కాలిఫోర్నియాలో గెలిచి, గెలిచినవానికే సర్వమును అను ఆ రాష్ట్రనియమము ననుసరించి 271 మంది ప్రతినిధులను పొందెను. ఓట్ల నిష్పత్తినిబట్టి పంచవలెనని హంఫ్రీ పక్షము వాదించెను. ప్రజలకు తగిన ప్రాతినిధ్యము కావలెనని పోరిన సంస్కర్తలు ఆనాడు సర్వమును మాకే చెందవలెననిరి. పాతపద్ధతికి కాపుగా నిలిచినవారు నిష్పత్తిని కోరిరి. నాకు తోచినంతలో మెక్‌గవర్న్ పక్షమే న్యాయము, ఏలయన ఆట ముగిసిన తరువాత నియమము మార్చరాదు. కాని ఇరుపక్షములును తమతమ లెక్కనుబట్టి సిద్ధాంతమును ఎన్నుకొన్నవనుట మాత్రము దాచరాని సత్యము. మన పల్లెలలో చెడుగుడు ఆడు పిల్లలు మొదట నేలమీద గీత గీయుదురు. కూతకు పోయినవాడు చిక్కిన పిమ్మట గీతను జరిపినచో ఆట పోయి తగవు మిగులును. పెద్దల రాజకీయములకు ఆ పిల్లల ధర్మమే చాలును.

ఓటరులకే అధికారమిచ్చినచో పార్టీనిర్వహణలో తలపండినవారి వివేకము వృథాయగునని మరియొక వాదము కలదు. 1972లో మెక్‌గవర్న్ ఒక్క మాసాచుసెట్స్‌ను, రాజధానిని మాత్రమే గెలుచుట, 1980లో ఎడ్వర్డ్ కెనెడీతో మహాసభవరకు పోరాడి గెలిచిన అధ్యక్షుడు కార్టర్ నవంబరులో రేగన్ చేతిలో చిత్తుగ ఓడుట చూచిన పెద్దలు, ఉత్తర కరోలినా గవర్నరు జేమ్స్ హంట్ అధ్యక్షతన మరియొక సంఘమును కూర్చి, 1982లో అమెరికా కాంగ్రెసు సభ్యులు, గవర్నరులు, పార్టీ పెద్దలు మొదలగువారికి ఏ ప్రైమరీకిని కట్టుబడని ఓటు నిచ్చిరి. జనవ్యవహారములో వీరే సూపర్ డెలిగేట్లు. వీరిని సమర్థించువారి మాట తేలికగ త్రోయదగినది కాదు: ఒకనాటి ఆవేశమున జనము ఎన్నుకొన్న అభ్యర్థి నవంబరులో నిలువగలడా, పాలింపగలడా యని చూచువారు పార్టీలో నుండవలదా? ఎదిరించువారి మాటయు అంతే బలమైనది: ఓటరు ఇచ్చిన తీర్పును పెద్దలు త్రిప్పగల రన్నప్పుడు, చలిలో నిలబడి ఓటు వేయుట దేనికి?

ఈ వాదములన్నియు 2008లో ఒక్కచోట కూడినవి. పార్టీ నిర్ణయించిన తేదీలకంటె ముందుగ ప్రైమరీలు జరుపదలచినందుకు మిచిగన్, ఫ్లారిడా రాష్ట్రముల ప్రతినిధులను పార్టీ అంతకుముందే బహిష్కరించియుండెను. బరాక్ ఒబామా మిచిగన్ బ్యాలెట్టునుండి తన పేరు తీసివేయించుకొనెను. హిల్లరీ క్లింటన్ తన పేరు నుంచెను. రెండు రాష్ట్రములలోను ఆమెకే ఎక్కువ ఓట్లు వచ్చినవి. మిచిగన్‌లో నూటికి నలుబదిమంది, తమ అభ్యర్థి పేరు కానరాక, ఎవరికిని కట్టుబడమని గుర్తుపెట్టిరి. ఆ ఓట్లను లెక్కింపవలెనని ఒక పక్షము ప్రజాస్వామ్యమును సాక్షిగ పిలిచెను. లెక్కింపరాదని మరియొక పక్షము ధర్మమును సాక్షిగ పిలిచెను. బహిష్కరణకు నిరుడు ఓటు వేసిన సంఘసభ్యులలోనే కొందరు ఇప్పుడు దానిని రద్దుచేయుమని కంఠమెత్తిరి. మే 31న వాషింగ్టనులోని ఒక హోటలులో నియమావళి సంఘము దినమంతయు కూర్చుండి, ఆ ప్రతినిధులను రానిచ్చి, ఒక్కొక్కరికి సగము ఓటు చొప్పున తీర్మానించినప్పుడు మందిరమంతయు కేకలతో నిండెను. ఈ తీర్పు మాకు సమ్మతము కాదు, మహాసభదాక పోరాడుదుమని క్లింటన్ అనుచరులు అనేకులు ప్రతిజ్ఞ చేసిరి.

1912 మరల రావలసిన ఘడియ అది. రాలేదు. జూన్ 7న క్లింటన్ తన అనుచరులను సమావేశపరచి, పోటీ ముగిసినదనియు, ఒబామాను గెలిపింపవలెననియు చెప్పెను. అదే నెల 27న ఆ యిద్దరు కలిసి మొదటిసారి బహిరంగసభలో కనిపించినది న్యూ హ్యాంప్‌షైర్‌లోని యూనిటీ యను చిన్న గ్రామమున. ఆ పేరునకు అర్థము ఐకమత్యము. జనవరి ప్రైమరీలో ఆ యూరివారు ఒబామాకు వేసిన ఓట్లు 107. క్లింటన్‌కు వేసినవి 107. ఆగస్టులో డెన్వర్ మహాసభయందు, రాష్ట్రముల ఓట్లు చదువుచుండగా, ఆమె తన న్యూయార్కు ప్రతినిధుల నడుమ నిలిచి, లెక్క నాపి ఒబామాను జయధ్వానముతో అభ్యర్థిగ ప్రకటింపుడని ప్రతిపాదించెను. అప్పటికే మిచిగన్, ఫ్లారిడా ప్రతినిధులకు పూర్తి ఓటు తిరిగి ఈయబడినది. గెలుపు తేలిన తరువాత గెలిచినవాడు చూపిన ఆ ఔదార్యము, ఓడినవారి గౌరవమునకు కట్టిన వెల యని నేననుకొందును.

అంతటితో వాదము తీరినదా? తీరలేదు. 2016లో క్లింటన్‌తో పోటీపడిన బెర్నీ శాండర్స్ అనుచరులు సూపర్ డెలిగేట్లపై ధ్వజమెత్తిరి. పోటీ చివరిదశలో ఆ సూపర్ డెలిగేట్లనే తమవైపు త్రిప్పుకొన జూచిరి. పార్టీ కార్యాలయపు అంతరంగిక లేఖలు బయటపడి, తటస్థముగ నుండవలసినవారు ఒకవైపు మొగ్గిరని తేలగా, జాతీయసంఘాధ్యక్షురాలు పదవి విడువవలసివచ్చెను. అయినను ఫిలడెల్ఫియాలో క్లింటన్‌ను జయధ్వానముతో ఎన్నుకొనుడని ప్రతిపాదించినవాడు శాండర్సే. ఆయన అనుచరుల మొరను ఆలకించి పార్టీ 2018లో సూపర్ డెలిగేట్లకు మొదటి విడత లెక్కలో, ఫలితము సందేహముగ నున్నప్పుడు, ఓటు లేకుండ చేసెను. ఓడినవాడు ఇల్లు విడిచిపోక లోపలనే నిలిచినందున ఇల్లు మారినది. 2024లో ప్రైమరీలు గెలిచిన అధ్యక్షుడు బైడెన్ పెద్దల ఒత్తిడి నడుమ జూలై 21న తప్పుకొనగా, ఓటరు తీర్పు గొప్పదా, పార్టీ వివేకము గొప్పదా యను పాత ప్రశ్న మరల తల యెత్తెను. అది యింకను చల్లారలేదు.

భారతము చదివినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. జూదములో ధర్మరాజు ఓడుటను గూర్చి సభలో తగవు లేదు. తన్ను తానోడిన పిమ్మట నన్నొడ్డు హక్కు ఆయనకెక్కడిదని ద్రౌపది యడిగినది నియమమును గూర్చిన ప్రశ్న. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. వికర్ణుడు మాటాడెను, వానిని కర్ణుడు కసరెను. సమాధానము పొందని ఆ ప్రశ్నయే పదమూడేండ్లు వనవాసాజ్ఞాతవాసములలో తిరిగి, కురుక్షేత్రమున తేలినది. నియమమును గూర్చి ఓడినవాడడిగిన ప్రశ్నకు సభ సమాధానము చెప్పలేనిచో, ఆ ఓటమి ముగియదు.

ఇక మన పట్టాభిగారి వద్దకు వత్తును. 1939లో అధ్యక్షుని ఏకగ్రీవముగ ఎన్నుకొనుటయే ఆనవాయితీ యని సర్దార్ పటేలు మొదలగు పెద్దలనిరి. వేర్వేరు సిద్ధాంతములపై పోటీ జరుగుటయే సమంజసమని బోసు వాదించెను. ఇరువురి మాటలోను సత్యమున్నది, కాని నియమ మిదియని ముందుగ అందరు ఒప్పుకొన్న గీత లేదు. బోసు గెలిచెను. ఈ యోటమి పట్టాభిదికంటె తనదే యని గాంధీజీ ప్రకటించెను. ఫిబ్రవరిలో కార్యవర్గసభ్యులలో అధికులు రాజీనామా చేసిరి. మార్చిలో త్రిపురి మహాసభకు జ్వరపీడితుడై వచ్చిన బోసు, గాంధీజీ యభీష్టము ననుసరించియే కార్యవర్గమును కూర్చవలెనను తీర్మానమునకు లోబడవలసివచ్చెను. ఏప్రిల్ 29న పదవి విడిచెను. పట్టాభిగారిని మనసార గౌరవించు నేను ఆయన స్మారకసభలోనే ఈ మాట చెప్పవలసియున్నది: ఆ సంవత్సరము ఓటమి నంగీకరింపనిది ఆయనను నిలిపిన పెద్దల పక్షము. గెలిచినవానికి గెలుపు దక్కలేదు. దేశము తన పుత్రులలో అగ్రగణ్యుడగు నొకనిని కాంగ్రెసునుండి దూరము చేసికొన్నది.

మన ఉభయ తెలుగు రాష్ట్రముల పార్టీలను చూచిన నాకు మరింత విచారము కలుగును. ఇచ్చట లోపలి పోటీయే లేదు. ఇరువదియేండ్లు జెండా మోసిన కార్యకర్తకు తన నియోజకవర్గపు అభ్యర్థి యెవరో బి-ఫారము చేతికందువరకు తెలియదు. టికెట్టు రానివాడు ఎవరిచేత ఓడెను? ఎన్ని ఓట్లతో ఓడెను? ఏ నియమముచేత ఓడెను? చెప్పువారు లేరు. కావుననే రాత్రికి రాత్రి కండువా మార్చుకొని ఎదిరిపక్షపు వేదిక నెక్కును. మనము వానిని నీతిలేనివాడని నిందింతుము. నిలబడి ఓడు హక్కు నీయనివాని నుండి నిలకడ నాశించుట యెట్లు? అమెరికా పద్ధతిని యథాతథముగ తెచ్చుకొనుడని నేననను. దాని లోపములను ఇంతసేపు చెప్పినది నేనే. మండలస్థాయిలోనైనను సభ్యుల పట్టీ యొకటి వ్రాసి, పోటీకి ముందే నియమము చదివి వినిపించి, కార్యకర్తల చేతులెత్తించి లెక్కించినచో, ఓడినవానికి కనీసము తన లెక్క తెలియును. అచ్చటనుండి మొదలుపెట్టవచ్చును.

ఓడినవాడు నిలిచియున్నచో వానికి రేపు కలదు. 1939లో ఓడిన పట్టాభిగారు 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌తో పోటీపడి గెలిచి, జయపూరు కాంగ్రెసునకు అధ్యక్షత వహించెను. ఆయనచేత ఓడిన టాండన్ 1950లో తానే అధ్యక్షుడుగ ఎన్నికయ్యెను. త్రిపురి ఏ సీమలో నున్నదో ఆ మధ్యప్రదేశమునకే పట్టాభిగారు 1952లో గవర్నరుగ పోయిరి.

అయోవా వ్యాయామశాలలో గోడ నానుకొని నిలిచిన ఆ వృద్ధరైతును నేను మరల చూడలేదు. ఆ రాత్రియే, రాష్ట్ర ప్రతినిధులలో నూటికి ఒకవంతు కూడ దక్కనందున, ఆయన అభ్యర్థి బైడెన్ పోటీనుండి తప్పుకొనెను. ఎనిమిదినెలలు గడువకముందే తన్ను గెలిచినవాని ప్రక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగ నిలిచెను. పండ్రెండేండ్లకు అదే పార్టీకి అధ్యక్ష అభ్యర్థియై దేశాధ్యక్షుడయ్యెను. ఆ వృద్ధుడు అంతవరకు జీవించియుండెనో లేదో నే నెరుగను. ఆయనకు కుర్చీ తెచ్చి వేసిన ఆ యువతి మాత్రము ఇప్పటికిని నా కన్నుల యెదుట నున్నది. మన సభలలో, మన పార్టీలలో, ఓడినవానికి కుర్చీ వేయువారు పుట్టవలెనని కోరుచు, పట్టాభిగారి స్మృతికి అంజలి ఘటించి సెలవు తీసికొనుచున్నాను.